బేగంపేట వాగు పొడుగునా పాలపిట్ట కోసం

మా తెనాలి వాళ్లకు సికింద్రాబాద్ గురించి తెలిసినవి రెండే. ఒకటి రైలు స్టేషన్, రెండోది చలి. పోలీసు యాక్షన్ అయిన దగ్గర్నుంచి మూడోది కూడా చేరింది, భయం. "ఇంకా అక్కడే ఉంటున్నావా?" అని ఉత్తరం రాసిన ప్రతివాళ్లూ అడుగుతున్నారు. ఉంటున్నాను. మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ, రాంగోపాల్‌పేట్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, సెలవు దొరికితే మెడలో దుర్భిణి వేసుకుని పిట్టలు చూస్తూ బాగానే ఉంటున్నాను. ఆ దుర్భిణి ఇంగ్లండు తిరిగి వెళ్లిపోతూ మా పాత హెడ్‌మిస్ట్రెస్ దొరసాని నా చేతిలో పెట్టిపోయింది.

క్రిస్మస్ సెలవుల్లో ఒక మధ్యాహ్నం చేసిన ప్రయాణం గురించి రాస్తున్నాను. దూరం చెబితే మీరు నవ్వుతారు. రాంగోపాల్‌పేట్ నుంచి బేగంపేట, అక్కడ వాగు వెంట కాస్త నడక, మళ్లీ ఇంటికి. మా ఊళ్లో పెళ్లి ఊరేగింపు ఇంతకన్నా ఎక్కువ తిరుగుతుంది. అయినా ఇంత బరువైన మనసుతో నేను ఏ ప్రయాణం నుంచీ తిరిగి రాలేదు.

రాంగోపాల్‌పేట్

మా ఇంటి యజమాని రాజయ్య గారిది ఇత్తడి సామాన్ల దుకాణం. ఇల్లు పైన, దుకాణం కింద. తెల్లవారితే బిందెల మోత నన్ను లేపుతుంది కాబట్టి నాకు గడియారం అవసరం లేదు. మనిషి మంచివాడే కానీ మొండిఘటం. ఆ రోజు భోజనం చేసి నేను చెయ్యి కడుక్కుంటుంటే మెట్ల కింద నిలబడి పిలిచారు.

"టీచరమ్మా, నీ దుర్భిణి తీస్కొని జెర నా ఎంబడి రావాలె. పాలపిట్టను చూడాలె."

"దసరా వెళ్లి రెండు నెలలు దాటింది కదండీ," అన్నాను.

"ఎల్లింది గని నాకు కాలే. పిట్టను చూడందే దసరా ఎట్లైతది?"

మన వైపు వాళ్లకు ఇది కొంచెం చెప్పాలి. మా తెనాలిలో దసరా అంటే బొమ్మల కొలువూ, పులివేషాలూ. మేం క్రైస్తవులం కనుక నేను అరుగు మీద నిలబడి చూసినదాన్నే తప్ప ఆడినదాన్ని కాదు. ఇక్కడి తీరు వేరు. పండుగ సాయంత్రం ఊరి బయటికి పోయి పాలపిట్టను చూస్తారు. ఆ తర్వాత జమ్మి ఆకు తెంపి, దాన్ని బంగారమని పిలుస్తూ ఒకరి చేతిలో ఒకరు పెడతారు. ఆకు ఇచ్చాక గుండెకు గుండె ఆనించి కౌగలించుకుంటారు. దానికి అలయ్ బలయ్ అని పేరు. ముందు పిట్ట, తర్వాత జమ్మి, ఆపైన కౌగిలి. ఈ వరస తప్పకూడదు.

మొన్నటి దసరాకు యాక్షన్ ముగిసి నెల కూడా కాలేదు. వీధుల్లో సిపాయిలు, ఇళ్లలో భయం. రాజయ్య గారు గడప దాటలేదు. ఎవరో జమ్మి తెచ్చి ఇస్తే పాత రుమాలులో పొట్లం కట్టి గూట్లో పెట్టుకున్నారు.

ఆయన షేర్వానీ తొడుక్కునేలోగా భార్య నర్సమ్మ గారు నా గదికి వచ్చి అసలు సంగతి చెప్పింది.

"పిట్టా లేదు గిట్టా లేదు బిడ్డా. ఖాజా మియా పోతున్నడంట. ఇయ్యాల సాయంత్రం బొంబాయి రైలుకు, ఆడికెల్లి ఓడల కరాచీకి. టాంగా ఆయన చెప్పంగ మా ఆయన విన్నడు. అప్పటిసంది అన్నం సుత సక్కగ తినలే."

ఖాజా మియాను నేనూ ఎరుగుదును. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే మనిషి. రాజయ్య గారి దుకాణంలో అమ్మిన గిన్నె ఏదైనా సరే, ఖాజా మియా చేతి మీదుగా తెల్లబడి వెళ్లాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఇద్దరిదీ ఒకే పని, ఒకే చాయ్. ప్రతి దసరాకూ పాలపిట్టను వెతికి చూపించేది కూడా ఆయనే. ఇల్లు బేగంపేట వాగు పక్కన కనుక ఏ పిట్ట ఎక్కడ వాలుతుందో తెలుసు. రజాకార్ల గడబిడ రోజుల్లో ఆయన ఈ దుకాణం అరుగు మీదే పడుకునేవాడు, ఎవరూ తలుపు మీద చెయ్యి వేయకుండా. యాక్షన్ తర్వాత భయం ఆయన బస్తీకి పాకింది. అప్పుడు రాజయ్య గారు వెళదామనుకుంటే చుట్టాలు పోనివ్వలేదు. ఇవాళ కాదు రేపు అనుకుంటూనే మూడు నెలలు గడిచాయి. ఆయన ఇటు రాలేదు, ఈయన అటు పోలేదు.

జమ్మి పొట్లం షేర్వానీ లోపలి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. నర్సమ్మ గారు ఇంకో పొట్లంలో సర్వపిండి కట్టి ఇచ్చింది. మన తపాలా చెక్కకు ఇది అక్కో చెల్లో అవుతుంది కానీ నువ్వులూ పల్లీలూ ఎక్కువ, కారం మరీ ఎక్కువ.

సాగర్ ఒడ్డు

టాంగా అతను ఎక్కేముందే అడిగాడు, హాలీ ఇస్తారా కల్దారా అని. ఇక్కడ ఇప్పటికీ రెండు రకాల డబ్బు నడుస్తోంది. నిజాం సర్కారుది హాలీ, ఇండియాది కల్దార్. మామూలుగా అయితే రాజయ్య గారు బండి దిగేదాకా బేరమాడే మనిషి. ఆ రోజు "నీ ఇష్టం, నడువు" అన్నారు. టాంగా అతను కూడా అనుమానంగా వెనక్కి తిరిగి చూశాడు.

హుస్సేన్ సాగర్ పక్కగా వెళుతుంటే నీళ్ల మీద చలికాలపు ఎండ మెత్తగా పడి ఉంది. బాతులు గుంపులుగా తేలుతున్నాయి. రాళ్ల మీద నీటికాకులు రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటున్నాయి. బుడుంగున మునిగి ఇంకెక్కడో తేలే బుడబుంగల్ని చూడమని దుర్భిణి ఆయన చేతికి ఇచ్చాను. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని, "మస్తుగున్నయి" అని తిరిగి ఇచ్చేశారు. చూపు నీళ్ల మీద లేదు. దారిలో జామపళ్లు కొని ఒకటి నాకిచ్చి, మిగతావి ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు.

"వాడు నన్ను లోపలికి రమ్మంటడా టీచరమ్మా?" అని అడిగారు చాలాసేపటికి.

"ఎందుకు అనరు?" అన్నాను. నాకూ తెలియదు కానీ అంతకన్నా ఏం అనగలను?

బేగంపేట

పెంకుటింటి ముందు మూటలు, చాపచుట్టలు, ఒక ట్రంకు పెట్టె. కళాయి పొయ్యికి గాలి ఊదే తోలుతిత్తి మాత్రం గోడకు ఆనించి విడిగా పెట్టి ఉంది. అది వెంట వెళ్లడం లేదన్నమాట. ఖాజా మియా బయటికి వచ్చి రాజయ్య గారిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. గడ్డం మునుపటికన్నా తెల్లబడింది.

"రా రాజయ్యా," అన్నాడు.

"పాలపిట్టను చూడనీకొచ్చిన. టీచరమ్మ దుర్భిణి తెచ్చింది," అన్నారు రాజయ్య గారు, నేల చూస్తూ.

"డిసెంబర్ల దసరానా?"

"నీకు ఐందా మరి?"

"నాకేడ ఐతది? నువ్వు రాకపోతివి."

తిట్టూ లేదు, సంజాయిషీ లేదు. ఆ ఒక్క మాటతో మూడు నెలల సంగతీ తేలిపోయింది. మూటల మీదే కూర్చున్నాం. పరదా వెనక నుంచి ఖాజా మియా భార్య దారి కోసం చేసిన తీపి రొట్టెలు పంపింది. నెయ్యి, బెల్లం, కాస్త సోంపు. సర్వపిండి వాళ్ల మూటలోకి వెళ్లింది.

రాజయ్య గారు జేబు తడుముకుని, "జమ్మి తెచ్చిన," అన్నారు.

ఖాజా మియా లేచి నిలబడ్డాడు. చేతులు కొంచెం పైకి వచ్చాయి కూడా. నేను సంతోషం ఆపుకోలేక, "ఇచ్చేయండి మరి," అన్నాను.

"పిట్టను చూడకుంట ఎట్లిస్తరు బిడ్డా? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న అట్లిచ్చినమా?" అన్నారు రాజయ్య గారు.

ఖాజా మియా చేతులు కిందికి దించి తలూపాడు. "నిజమే టీచరమ్మా. ముందల పిట్ట. అట్లనె చెయ్యాలె."

నాకు ఒళ్లు మండింది. సాయంత్రం రైలు పెట్టుకుని ఇదేం వరసండీ అని పైకి అనలేదు కానీ మొహంలో కనబడే ఉంటుంది. ఖాజా మియా కొడుకు యూసుఫ్, నిజాం ఫౌజులో పనిచేసి ఇప్పుడు ఖాళీగా ఉన్న అబ్బాయి, మూటలకు తాడు బిగిస్తూ తండ్రి వైపు చూశాడు.

"ఇప్పుడేందబ్బా? టేషన్ల తనిఖీ ఉంటదంట. జల్దీ పోవాలె."

"ఎండ ఉండంగనె వస్త. పాలపిట్ట ఎంతసేపు? తీగల మీదనె కూసుంటది," అని ఖాజా మియా చెప్పులు వేసుకున్నాడు.

వాగు పొడుగునా

ఎయిరోడ్రోమ్ వెనగ్గా సాగర్‌లోకి పోయే వాగు అది. చలికాలంలో మోకాలి లోతు నీళ్లు, అటూ ఇటూ తుంగ, కాలిబాట పక్కన కూరగాయల మళ్లు. మామూలుగా అయితే ఆ దారిలో నేను అడుగుకోసారి ఆగుతాను. ఆ రోజూ పిట్టలకేం కొదవ లేదు. పసిరిక పిట్టలు కంచె మీద నుంచి ఎగిరి పురుగును పట్టి మళ్లీ అక్కడికే వచ్చి వాలుతున్నాయి. చీలిన తోక నల్లపిట్ట, పసులపోలిగాడు, ఒక బర్రె వీపు మీద దర్జాగా కూర్చుని ఊరేగుతున్నాడు. తీతువు పిట్ట మమ్మల్ని చూసి కేకలు పెట్టింది.

తుంగలో నీలంగా మెరుపు కనబడి నేను, "అదిగో" అని ఒక్క ఉరుకు ఉరికాను. చెప్పు బురదలో దిగబడిపోయింది. తీరా చూస్తే లకుముకి పిట్ట. ఖాజా మియా కర్రతో నా చెప్పు లాగి పైకి తీసి, నవ్వాడు. రాజయ్య గారూ నవ్వారు. లెక్కల టీచరుకు ఈ మర్యాద చాలని నేనూ నవ్వాను.

వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఏ ఏడాది ఏ పెళ్లికి ఎన్ని గంగాళాలు పోయాయో, ఎవరి బిందె చిల్లు పడితే ఎవరి మీద పడ్డారో, కళాయి పూసేటప్పుడు చల్లే నవసాగరం పొగకు రాజయ్య గారు ఎలా దగ్గేవారో. కరాచీ మాట మాత్రం ఎత్తలేదు. చాయ్ దుకాణంలో కూర్చున్నట్టే నడుస్తున్నారు. పిట్టను వెతుకుతున్నది నేనొక్కదాన్నే అని కాసేపటికి అర్థమయింది.

తాటిచెట్లు

వాగు మలుపు తిరిగే చోట నాలుగైదు తాటిచెట్లు ఉన్నాయి. అక్కడ రాజయ్య గారు, "ముల్లు గుచ్చింది, మీరు నడువుండ్రి," అని మాకు వీపు పెట్టి ఒక రాయి మీద కూర్చున్నారు. ఖాజా మియా, నేను నాలుగడుగులు ముందుకు వెళ్లాం. నేను అలవాటుగా దుర్భిణి ఎత్తాను.

ఎండిన తాటిమట్ట మీద కూర్చుని ఉంది. పాలపిట్ట ఊరికే కూర్చుంటే పెద్ద అందగత్తె ఏమీ కాదు. మట్టి రంగు రొమ్ము, పెద్ద తల, చలికి ముడుచుకున్న ముసలమ్మ వాలకం. నేను నోరు తెరిచేలోగా ఖాజా మియా అరచెయ్యి దుర్భిణికి అడ్డం పెట్టాడు. ఆయన అప్పటికే చూశాడు.

"జెర ఆగు టీచరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "చెప్తే ఐపాయె గద. జమ్మి ఇస్తడు, అలయ్ బలయ్ ఐతది, ఇగ ఎవని తొవ్వ వాడు పట్టుడే. ఇంకింత ఎండ ఉంది. ఇంకింత దూరం నడుస్త వానితోని."

"మళ్లీ కనబడకపోతే?"

"పాలపిట్టలకు తక్కువనా? గా తీగల మీద దండిగుంటయి. నేను చూపిస్త."

పిట్ట ఎగిరింది. రెక్క విప్పగానే ఆ నీలం అంతా ఒక్కసారి బయటపడి, వాగు దాటి, మా తలల మీదుగా పోయింది. రాజయ్య గారు ఇంకా అటు తిరిగి కాలు చూసుకుంటూనే ఉన్నారు. ఖాజా మియా మొహంలోకి చూస్తే నాకు చెప్పాలనిపించలేదు. నిజానికి ఆయన మాటే సబబుగా తోచింది. చలికాలంలో పాలపిట్ట అపురూపమైన పిట్ట కాదు, అది నాకూ తెలుసు.

రాజయ్య గారు లేచి వచ్చి, "కనబడ్డదా?" అని అడిగారు.

"లేదు," అన్నాడు ఖాజా మియా.

"సరే తియ్యి. ఇంకింత ముందల్కి పోదం," అని ఆయనే ముందు నడిచారు.

ఎయిరోడ్రోమ్ గోడ

తీగలు వచ్చాయి. తీగల మీద గువ్వలు, కాకులు, ఇంకో పసులపోలిగాడు. పాలపిట్ట లేదు. ఇంకాస్త నడిచాం. అక్కడా లేదు. ఖాజా మియా చూపులో మొదటిసారి కంగారు కనబడింది. గోడ పొడుగునా ఉన్న తీగలన్నీ వెతుకుదామని నేను దుర్భిణి కళ్లకు పెట్టుకుని ఒక్కొక్క స్తంభమే చూస్తూ వెళుతున్నాను. అప్పుడే వెనక నుంచి కేక.

ఒక సిపాయి. ఎయిరోడ్రోమ్ గోడ పక్కన దుర్భిణి పట్టుకున్న ఆడమనిషి, వెంట షేర్వానీలో ఇద్దరు ముసలివాళ్లు. అతని అనుమానంలో తప్పేముంది? నా తెలుగు అతనికి రాదు, అతని హిందీ నాకు అంతంత మాత్రం. ఖాజా మియా నడుమ నిలబడి పాలపిట్ట సంగతంతా ఉర్దూలో చెబితే, దసరా ఇప్పుడేమిటని అతనికి ఇంకా అనుమానం పెరిగింది. చివరికి దుర్భిణి తీసుకుని తనే చూశాడు. ఒక కాకి కనబడింది. దాన్ని తృప్తిగా చాలాసేపు చూసి, పొమ్మన్నాడు. అప్పటికి ఎండ గోడ మీద పైవరసకు ఎక్కింది.

యూసుఫ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. "అబ్బా, అమ్మి టాంగాల కూసున్నది. సామాను టేషన్‌కు పోయింది. నడువుండ్రి."

ఖాజా మియా ఒకసారి తీగల వైపు, ఒకసారి రాజయ్య గారి వైపు చూశాడు.

"టేషన్ కాడికి రా. ఆడ తీగలు మస్తున్నయి. ఆడ తప్పకుంట ఉంటది," అన్నాడు.

"వస్త. నువ్వు నడువు," అన్నారు ఈయన.

అప్పుడైనా పొట్లం తీసి చేతిలో పెట్టి ఉండవచ్చు. ఇప్పుడు ఇక్కడ కూర్చుని రాస్తుంటే అదే తోస్తోంది. ఆ క్షణంలో మాత్రం ముగ్గురం స్టేషన్ దగ్గర పిట్ట మా కోసం కాచుకుని ఉంటుందనే నమ్మాం.

స్టేషన్ కంచె

బేగంపేట స్టేషన్ చిన్నది. ఆ సాయంత్రం పట్టనంతమంది జనం. టికెట్టు ఉన్నవాళ్లనే లోపలికి వదులుతున్నారు, మూటలు విప్పించి చూస్తున్నారు. ఎంత బతిమాలినా మమ్మల్ని వదల్లేదు. కంచె పట్టుకుని నిలబడ్డాం. ప్లాట్‌ఫారం మీద ఖాజా మియా బురఖాలో ఉన్న భార్యను ఎక్కించి, తలుపు దగ్గర నిలబడి మా కోసం వెతుకుతున్నాడు. నేను దుర్భిణి రాజయ్య గారికి ఇచ్చాను. ఈసారి సరిగ్గానే పట్టుకున్నారు.

ఖాజా మియా మమ్మల్ని చూశాడు. పైన తీగల వైపు వేలు చూపించి, లేదన్నట్టు చెయ్యి తిప్పాడు. తర్వాత ఆ చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. రాజయ్య గారు పొట్లం పైకెత్తి చూపించారు. రైలు కదిలింది. చివరి పెట్టె పోయేదాకా ఆ చెయ్యి అలాగే పైకెత్తి ఉంచారు. చుట్టూ ఏడుపులు, పిలుపులు. ఈయన మాత్రం దుర్భిణి నాకిచ్చి, "పోదం పా" అన్నారు.

తిరుగు దారి

టాంగా మళ్లీ సాగర్ ఒడ్డుకు వచ్చింది. మబ్బుల్లో ఎరుపు పోయింది. కొంగలు వరసగా చెట్లకు చేరుతున్నాయి. తాటిచెట్టు సంగతి చెప్పాలా వద్దా అని నాలో నేను కొట్టుకుంటున్నాను. చెబితే ఖాజా మియా మీద కోపం వస్తుందేమో. చెప్పకపోతే ఈ భారం నాకు మిగులుతుంది.

ఆయనే మొదలుపెట్టారు.

"ఒక మాట చెప్త, తిట్టొద్దు బిడ్డా. నా కాల్ల ముల్లు లేకుండె."

నాకు అర్థం కాలేదు.

"గా తాటిచెట్టు మీద పిట్ట ఉండె. మలుపు తిరుగంగనె చూసిన. పాలపిట్టను చూడనీకి దుర్భిణి ఎందుకు? చెప్తే ఐపాయె గద అనుకున్న. జమ్మి ఇచ్చినంక ఇగ పని ఏముంటది? ఇంటికి పోవుడే. అందుకే ముల్లని కూసున్న, మీరు చూడకుంట ముందల్కి పోతరని. ఇంకోటి దొరుకుతదనుకున్న. దొరకలే." రుమాలుతో మొహం తుడుచుకున్నారు. "వానికి చూపియ్యకపోతిని. పండుగ లేకుంటనె పోయిండు నా దోస్తు."

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాను. ఖాజా మియా కూడా చూశారని, దుర్భిణికి చెయ్యి అడ్డం పెట్టారని, ఇంకాస్త దూరం మీతో నడవాలన్నారని, అన్నీ చెప్పాను.

ఆయన ముందు నవ్వారు. "దొంగోడు," అన్నారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఏదో కూడిక వేస్తున్నట్టు నెమ్మదిగా అన్నారు.

"అంటే నేను చూసిన. వాడు చూసిండు. ఇద్దరం ఒక్కటే పిట్టను చూసినం. మరి దసరా ఐనట్టె గద బిడ్డా. జమ్మి ఇచ్చుడొక్కటే ఉండె."

జేబులోంచి పొట్లం తీసి, ముందుకు వంగి టాంగా అతని భుజం పట్టుకున్నారు.

"బండి తిప్పు. టేషన్‌కు తిప్పు, జల్దీ."

అతను కళ్లెం లాగి గుర్రాన్ని ఆపాడు. వెనక్కి తిరిగి, "రైలు పోయింది గద సేట్," అన్నాడు మెల్లగా.

"ఔ," అన్నారు రాజయ్య గారు. "పోయింది."

బండి అక్కడే కొంతసేపు నిలబడి ఉంది. ఆయన పొట్లాన్ని మళ్లీ లోపలి జేబులో పెట్టుకుని, గుండీ పెట్టుకున్నారు. అప్పుడు టాంగా అతను ఎవరినీ అడక్కుండానే గుర్రాన్ని రాంగోపాల్‌పేట్ వైపు నడిపించాడు.